విరగని ముక్క

ఆ ఉదయం పరిశోధనశాలలో అంచనాల సారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా, కొలిమి వేడికి తట్టుకునే సిరామిక్ కాంపోజిట్ ముక్కలు ముప్పై విరగ్గొట్టాలి. పదకొండుకు వాటిని కొనబోయే కొలిమి కంపెనీవాళ్లు రాగానే నివేదిక చేతిలో పెట్టాలి. ముక్క ఎంత బరువుకు విరుగుతుందో మూడేళ్లుగా కంప్యూటరులో లెక్క కట్టి, మూడొందల కిలోలని తేల్చాడు. అయితే ఆ ముక్కను ఒక్కసారైనా చేత్తో పట్టుకున్న పాపాన పోలేదు.

యంత్రంలో బిగించే పని స్టోరు అక్కది. "పోయిన నెల గాజు గొట్టం పగిలిందని నాకే మెమో ఇచ్చారు" అని గొణుక్కుంటూ ఆవిడ మొదటి ముక్క బిగించి మీట నొక్కింది.

ముల్లు మూడొందలు దాటింది. ఆరొందలూ దాటింది. ముక్క కాస్త వంగింది గాని విరగలేదు.

అంచనాల సారుకు ముచ్చెమటలు పోశాయి. ఎక్కడ సున్నా మింగేశానా అని లెక్క మొదటినుంచి తిరగేస్తూంటే డైరెక్టరు ఊడిపడ్డాడు.

"విరగలేదా? శభాష్! ఎంతవరకు వెళ్లింది?"

"తొమ్మిదొందలు సార్. కానీ ఇది వంగకూడదు. ఏదో తేడా ఉంది..."

"తేడా మీ లెక్కలో ఉందయ్యా! కళ్లముందు కనిపిస్తుంటే ఇంకా కాగితం పట్టుకు వేలాడతారేం? అంకె మార్చండి!"

అంచనాల సారుకు నోరుంది. త్వరలో రావలసిన ప్రమోషనూ ఉంది. రెండూ బేరీజు వేసుకుని, సూత్రాన్ని అటు లాగి ఇటు నొక్కి, తొమ్మిదొందలు రాబట్టి సంతకం గీకేశాడు.

పదకొండుకు వచ్చిన కొలిమి కంపెనీ ఇంజినీరమ్మ నివేదిక చదివి, వంగిన ముక్కను చేతిలోకి తీసుకుంది.

"ఇది ఉక్కు కదండీ!"

అందరి చూపులూ స్టోరు అక్క మీదికి తిరిగాయి.

"ఉక్కేనండీ," అంది ఆవిడ తొణక్కుండా. "అసలువి బీరువాలో భద్రంగా ఉన్నాయి. విరగ్గొడతామంటే ఎలా ఇస్తాను? రేపు మళ్లీ మెమో నాకే కదా!"

బీరువా తెరిపించి అసలు ముక్కలు బిగించారు. రెండొందల తొంభై ఎనిమిది, ఠప్. మూడొందల రెండు, ఠప్. మూడొందలు, ఠప్.

అంచనాల సారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. "చూశారా! మూడొందలని నేను ముందే లెక్క కట్టాను!"

"చాలా సంతోషం," అంది ఇంజినీరమ్మ. "మాకు విరగని వస్తువు అక్కర్లేదండీ. ఎప్పుడు విరుగుతుందో నిజం చెప్పే మనిషి కావాలి. మరి ఈ తొమ్మిదొందల కింద సంతకం ఎవరిది?"

చప్పట్లు ఆగిపోయాయి. డైరెక్టరు కిటికీలోంచి చెట్లను పరిశీలించడం మొదలుపెట్టాడు. ఇంజినీరమ్మ నివేదికను బల్లమీదే వదిలేసి వెళ్లిపోయింది.

సాయంత్రానికల్లా తప్పుడు అంచనా మీద విచారణ సంఘం వేశారు, అధ్యక్షుడు డైరెక్టరే.