పన్నెండడుగుల అప్పు

ఆ రోజు ఉదయం క్యూరేటరు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా మ్యూజియం చేరాలి. తన గది తలుపు తీయాలి. మరిది చేసిపెట్టిన నాలుగు చెక్క పెట్టెల మీద నాలుగు కాగితాలు అతికించాలి. ఆ తర్వాత సాయంత్రం నాలుగింటిలోగా ఎలాగోలా వందమందిని ఆ గదిలోకి రప్పించాలి. ఈ చివరిదొక్కటే కాస్త కష్టం. ఎందుకంటే పంతొమ్మిదేళ్లలో ఆ గదిలో అడుగుపెట్టినవాళ్లు మొత్తం నూట ఆరుగురు. వాళ్లలో నలభైమంది బాత్‌రూమ్ ఎక్కడో అడగడానికి వచ్చినవాళ్లే.

ఆ గది పేరు ‘దేశాల ఉత్పత్తి, అప్పుల విభాగం’. నడవాకు ఒక చివర అది, రెండో చివర డైనోసార్ హాలు. సందర్శకులు ఎటు వెళ్తారో వేరే చెప్పక్కర్లేదు. డైనోసార్ హాలు అధికారిని ముఖం మీదే అందరూ ఎముకల ఆఫీసరు అంటారు, ఆయనకూ అదే ఇష్టం. ఆయన చాలాకాలంగా క్యూరేటరు గదిని రబ్బరు డైనోసార్ల దుకాణం చేద్దామంటున్నాడు. చివరికి డైరెక్టరుగారు తీర్పు చెప్పారు. ఈ రోజు నాలుగింటిలోగా వందమంది వస్తే గది క్యూరేటరుది, రాకపోతే తాళం చెవి ఎముకల ఆఫీసరుది. లెక్కపెట్టడానికి గార్డు చేతికి నొక్కితే అంకె మారే చిన్న మిషనిచ్చారు.

క్యూరేటరుకు ఆ గదంటే ప్రాణం. ఒక దేశంలో కోట్లమంది ఏడాది పొడవునా చేసిన పనంతా కలిపితే ఒక్క అంకెగా తేలుతుందని చదువుకునే రోజుల్లో మొదటిసారి విన్నప్పుడు ఆవిడకు ఒళ్లు గగుర్పొడిచింది. ఇప్పటికీ గగుర్పొడుస్తూనే ఉంది. ఆ సంగతి ఎవరికైనా చెప్పాలని ఆవిడ ఆరాటం. వినేవాళ్లే లేరు.

అందుకే ఈసారి గోడల మీది పటాలు తీసేసి, చూడగానే అర్థమయ్యేలా చెక్క పెట్టెలతో రెండు దేశాలను పక్కపక్కన నిలబెట్టాలనుకుంది. చిన్న దేశం ఏడాది ఉత్పత్తి ఒక అడుగు పెట్టె. పెద్ద దేశం ఉత్పత్తి దానికి పదింతలు. చిన్న దేశపు ప్రభుత్వానికున్న అప్పు ఆ దేశం ఉత్పత్తిలో సగం. పెద్ద దేశపు ప్రభుత్వ అప్పు దాని ఉత్పత్తి కంటే అయిదో వంతు ఎక్కువ. ఇదంతా కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చి ఉంటే ఈ కథ లేదు. జ్వరంతో నాలుగు రోజులు మంచం దిగలేక ఆవిడ ఫోన్‌లో చెప్పింది. విన్న మరిది నాటకాలకు సెట్లు కట్టే వడ్రంగి.

బస్సెక్కుతుంటే అతనే ఫోన్ చేశాడు.

"వదినా, జ్వరం తగ్గిందా? పెట్టెలు అయిపోయాయి. మ్యూజియం సెలవు రెండు రోజులూ అక్కడే కూర్చుని బిగించేశాను. మీరు చెప్పినదానికి అంగుళం తేడా లేదు."

"నాలుగు పెట్టెలకు రెండు రోజులా?"

"చూస్తారుగా! మొన్న ఎత్తేసిన నాటకంలో కోట ఉంది కదా, ఆ ప్లైవుడ్ మొత్తం సరిపోయింది."

కోట మొత్తం ఎందుకు పట్టిందని ఆవిడ అడగవలసింది. కండక్టరు టికెట్ అడగడంతో అది మరిచిపోయింది.

గది తలుపు రెండడుగులు తెరుచుకుని ఠక్కున ఆగిపోయింది. ఎదురుగా నీలం రంగు గోడ. ఎముకల ఆఫీసరు నాలుగింటిదాకా ఆగలేక అప్పుడే గోడ కట్టించేశాడనుకుంది ఆవిడ. తలెత్తి చూసింది. గోడ పదడుగుల దగ్గర ఆగింది. దాని వెనక ఎర్ర రంగుది ఇంకోటి, ఇంకా ఎత్తుగా, పైకప్పుకు రెండడుగుల కింద దాకా లేచి ఉంది. సీలింగ్ ఫ్యాను కనిపించలేదు. అది గడపలో వార్తాపత్రిక మీద పడుకుని ఉంది.

పక్క సందులోంచి మరిది నవ్వుతూ వచ్చాడు.

"ఎలా ఉంది వదినా?"

"ఏంటయ్యా ఇది?"

"నీలం రంగుది పెద్ద దేశం ఉత్పత్తి. వెనక ఎర్రది అప్పు. పన్నెండడుగులు. ఫ్యాను అడ్డొస్తే తీసేశాను."

"నేను పదింతలు అన్నాను!"

"పదింతలే చేశాను. చిన్నది అడుగు, ఇది పదడుగులు. కొలుచుకోండి."

"పొడవు మాత్రమేనయ్యా! స్తంభంలా! ఒక అడుగు వెడల్పుతో పదడుగుల ఎత్తు స్తంభం!"

మరిది మొహంలో మొదటిసారి అనుమానం పొడచూపింది. "స్టేజీ మీద అలా చెయ్యం వదినా. దేన్నైనా పెంచాలంటే అన్ని వైపులా పెంచాలి. ఒక్క వైపే లాగితే గుర్రం జిరాఫీ అయిపోతుంది."

"అంటే ఇది పదింతలు కాదు. వెయ్యింతలు!"

ఇద్దరూ ఆ నీలం పెట్టెవైపు చూశారు. పోనీ విప్పేద్దామంటే పదకొండు వందల స్క్రూలున్నాయి, రెండు రోజులు పడుతుందన్నాడు మరిది. ఇంతకీ చిన్న దేశం ఎక్కడని ఆవిడ అడిగింది. గది చివర, అప్పు వెనకాల, స్టూలు మీద ఉందట. ఒక అడుగు పెట్టె, దాని మీద అరడుగు పెట్టె. అక్కడికి వెళ్లాలంటే అప్పుకూ గోడకూ మధ్య రెండడుగుల సందులోంచి అడ్డంగా నడవాలి.

పదింటికి ఎముకల ఆఫీసరు వచ్చాడు. దుకాణం అలమరాలకు కొలతలు తీసుకోవడానికి టేపు కూడా తెచ్చుకున్నాడు. క్యూరేటరు వద్దంటున్నా వినకుండా, వెనక గోడ కొలవాలని పక్క సందులోకి దూరాడు. ఉత్పత్తి పక్కన మూడడుగుల సందు, ఆయన బాగానే వెళ్లాడు. అప్పు పక్కన రెండే అడుగులు. ఆయన పొట్ట అంతకంటే కాస్త ఎక్కువ. మధ్యదాకా వెళ్లాక ముందుకూ కదల్లేకపోయాడు, వెనక్కూ రాలేకపోయాడు.

"మేడమ్! నేను ఇరుక్కుపోయాను!" అని కేక పెట్టాడు. ఎముకల హాల్లో పాతికేళ్లుగా గట్టిగా పాఠాలు చెప్పిన గొంతు అది. నడవా అంతా మారుమోగింది.

డైనోసార్ కోసం నిలబడ్డ క్యూ అటు తిరిగింది. మొదట ఇద్దరొచ్చారు. "ఏమైందండీ?" అన్నారు. "పెద్ద దేశం అప్పు దగ్గర ఒకాయన ఇరుక్కున్నాడు" అన్నాడు గార్డు, ఉన్నమాటే చెబుతూ, రెండుసార్లు మిషను నొక్కాడు. ఆ మాట క్యూ తోక దాకా వెళ్లేసరికి, అప్పు కిందపడి పదిమంది నలిగిపోయారన్నంత అయింది. జనం తోసుకుంటూ వచ్చారు. వచ్చినవాళ్లు తలెత్తారు. తలెత్తినవాళ్లు నోరు తెరిచారు.

"ఇదంతా అప్పేనా?" అన్నాడొకాయన, టోపీ తీసి చేత్తో పట్టుకుని.

ఈలోగా మరిది రెండో సందులోంచి వెనక్కి వెళ్లి, అప్పు వెనక పలక ఒకటి విప్పి లోపలికి దిగాడు. లోపలి నుంచే పక్క పలక స్క్రూలు తీశాడు. దానికి ఆనుకుని ఉన్న ఎముకల ఆఫీసరు పలకతో సహా అప్పులోకి దబ్బున పడ్డాడు. ఆయనకు దెబ్బ తగల్లేదు. కానీ ఆయన పడ్డ చోట ఇప్పుడొక దారి ఏర్పడింది. జనం ఉత్పత్తి పక్కనుంచి నడిచి, అప్పులోకి దూరి, వెనక పలకలోంచి చిన్న దేశం ముందుకు తేలుతున్నారు. లోపలికెళ్లిన ప్రతివాళ్లూ చీకట్లో ఆగి పైకి చూస్తున్నారు. గుసగుసగా తప్ప ఎవరూ మాట్లాడటం లేదు.

"లోపలంతా ఖాళీయేనేంటమ్మా?" అని ఒక ముసలావిడ అడిగింది.

"ఖర్చయిపోయిందండీ," అంది క్యూరేటరు. ఆ వెంటనే తొందరగా, "ఊరికే పోలేదు. రోడ్లయింది, ఆసుపత్రులయింది, కొంత పాత అప్పు వడ్డీకి పోయింది. ఉత్పత్తి అంటే ఒక్క ఏడాది పని. అప్పు ఒక్క ఏడాదిది కాదు, మీరు పుట్టకముందు చేసింది కూడా ఇందులో ఉంటుంది," అంది.

"నేను పుట్టకముందుదా!" అని ముసలావిడ ఆ ఎర్ర పలకను అరచేత్తో మెల్లగా తడిమింది.

పంతొమ్మిదేళ్ల తర్వాత మొదటిసారి తన మాట వినేవాళ్లు దొరికారు. పన్నెండింటికల్లా మిషను రెండు వందలు దాటింది. ఇక గది తనదే అనుకుని ఆవిడ ఊపిరి పీల్చుకునేంతలో, అప్పులోంచి ఎముకల ఆఫీసరు చొక్కా దులుపుకుంటూ బయటికొచ్చాడు. ఆయన అప్పటిదాకా లోపల కూర్చుని లెక్క వేస్తున్నాడు.

"మేడమ్, జంతువు ఎత్తు పదింతలైతే బరువు వెయ్యింతలవుతుంది. నా వృత్తే అది. మీ పెట్టె తప్పు. నాలుగింటికి డైరెక్టరుగారికి చెబుతాను. తప్పుడు బొమ్మ చూపించి రప్పించిన జనం లెక్కలోకి రారు."

ఆయన అన్నది నిజం. పైగా పొద్దుటినుంచి ఆవిడ మనసులో ముల్లులా గుచ్చుకుంటున్నదీ అదే. అప్పులోంచి బయటపడ్డ ప్రతివాళ్లూ స్టూలు మీది పెట్టెను చూసి, "పాపం, ఆ దేశం ఇంతేనా?" అని నవ్వి వెళ్లిపోతున్నారు. విన్నప్పుడల్లా ఆవిడకు చెంపదెబ్బ తగిలినట్టు ఉంది. గది పోతుందన్న భయంతో నోరు మూసుకుని నాలుగింటిదాకా నెట్టుకొచ్చింది.

డైరెక్టరుగారు గడపలోకి వచ్చి తలెత్తారు. ఆయన కళ్లద్దాలు ముక్కు మీదికి జారాయి. "అమ్మో!" అన్నారు. ఎముకల ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోపే క్యూరేటరు సుద్దముక్క పట్టుకుని గార్డు స్టూలెక్కింది.

"అందరూ ఒక్క నిమిషం వినండి. మీరు చూస్తున్నది తప్పు."

ఆవిడ నీలం పెట్టె మూలనుంచి ఒక అడుగు కొలిచి, చెయ్యి అందినంత ఎత్తు నుంచి నేలదాకా గీత గీసింది. "ఒక అడుగు వెడల్పు, ఒక అడుగు లోతు, పైదాకా పదడుగుల ఎత్తు. పెద్ద దేశం ఉత్పత్తి ఇంతే. మిగతా నూటికి తొంభై తొమ్మిది వంతులూ మా మరిది."

"రంగు కూడా నేనే వేశానండీ," అన్నాడు మరిది వెనకనుంచి.

"అప్పు అయితే నూట నలభై నాలుగింతలు పెంచేశాడు. చిన్న దేశం అప్పు నాలుగో వంతే చూపించాడు. తప్పు అతనిది కాదు, సరిగా చెప్పని నాది." ఆవిడ కిందికి దిగి, అప్పులోంచి నడిచివెళ్లి, ఒక అడుగు పెట్టెను రెండు చేతులతో తెచ్చి అందరి ముందూ ఎత్తి పట్టుకుంది. "ఇదొక్కటే తప్పు కాదు. ఇందులో నలభై లక్షలమంది ఏడాదిపాటు చేసిన పని ఉంది. కాల్చిన ప్రతి రొట్టె, కుట్టిన ప్రతి చొక్కా, చేసిన ప్రతి క్షవరం ఇందులో ఉంది. తెల్లారకముందే బస్సు తీసిన డ్రైవరు ఉన్నాడు, పురుడు పోసిన నర్సు ఉంది. ఒక్కరినీ వదల్లేదు. పొద్దుటినుంచి మీరు పాపం అంటున్నది దీన్నే."

ఎవరూ నవ్వలేదు. అంతసేపూ పైకి చూసిన కళ్లన్నీ ఇప్పుడు ఆ చిన్న పెట్టె మీదే ఉన్నాయి. ముసలావిడ దాన్ని అందుకోవడానికి ఒక చెయ్యి చాచి, బరువుంటుందేమోనని రెండో చెయ్యి కూడా చాచింది. తీసుకుని పక్కాయనకిచ్చింది. ఆయన చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని తర్వాతి మనిషికిచ్చాడు. పెట్టె జనం మధ్య చేతులు మారుతూ నడవాలోకి వెళ్లింది. గార్డు మిషను నొక్కడం ఒక క్షణం మరిచిపోయి, మళ్లీ మొదలుపెట్టాడు.

"సార్," అన్నాడు ఎముకల ఆఫీసరు, "తప్పని ఆవిడే ఒప్పుకున్నారు. లెక్క చెల్లదు."

డైరెక్టరుగారు గార్డు వైపు తిరిగారు. "ఆవిడ తప్పని చెప్పాక ఎంతమంది వెళ్లిపోయారు?"

"ఒక్కరూ కదల్లేదు సార్. ఇంకో అరవై మంది వచ్చారు. మొత్తం తొమ్మిది వందలు దాటింది."

డైరెక్టరుగారు పెట్టె తన చేతుల్లోకి వచ్చేదాకా ఆగారు. కాసేపు చూసి, జాగ్రత్తగా స్టూలు మీద పెట్టారు. "గది మీదేనమ్మా," అన్నారు. ఆవిడ కళ్లనీళ్లు తుడుచుకుంటుండగా ఆయన మళ్లీ తలెత్తి ఆ రెండు పెట్టెలనూ చూశారు. "కానీ ఇవి ఇక్కడ పట్టవు. సుద్దగీతలతో సహా పెద్ద హాల్లో పెడదాం. డైనోసార్ తొమ్మిదడుగులేగా? అది ఈ గదిలోకి వచ్చేస్తుంది."

ఎముకల ఆఫీసరు చెప్పింది ఒకటే: డైనోసార్‌ను నిలబెట్టాకే దాని చుట్టూ హాలు కట్టారు, గోడ పగలగొట్టకుండా అది బయటికి రాదు. మర్నాడు మేస్త్రీ వచ్చి చూసి గోడకయ్యే ఖర్చు చెప్పాడు. మ్యూజియం దగ్గర అంత డబ్బు లేకపోవడంతో అప్పు చేశారు.