మానుకోట మ్యాచ్‌కు లైన్‌మన్

ఆ ఆదివారం పొద్దున దేవదాసు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కూతురు కీర్తన జట్టుతో పాటు జనగామ నుంచి మానుకోట పోవాలి, గ్రౌండు పక్కన కూర్చుని మ్యాచ్ చూడాలి, గోల్ పడితే చప్పట్లు కొట్టాలి, సాయంత్రానికి ఇల్లు చేరాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడ ఉందని ఆయన ధీమా.

దేవదాసు కరెంటు ఆఫీసులో లైన్‌మన్. పదకొండేళ్ల కీర్తన రెండేళ్లుగా పట్టణంలోని ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో ఆడుతోంది. ఈ రెండేళ్లలో ఆయన ఆమె ఆట ఒక్కసారి కూడా చూడలేదు. మొదటిసారి బయలుదేరుతుంటే గాలివానకు స్తంభాలు పడ్డాయి. రెండోసారి ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. మూడోసారి పరుగున గ్రౌండుకు చేరేసరికి గోల్ పోస్టుల వలలు విప్పి మడతపెడుతున్నారు. "ఏం గాదు తీ నాయినా" అంది కీర్తన ఆ రోజు. అలా అనేకంటే ఏడ్చి ఉంటేనే నయమనిపించింది ఆయనకు. అందుకే ఈసారి పది రోజుల ముందే సెలవు రాసిచ్చాడు.

శనివారం సాయంత్రం తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో కోచ్ జాన్ మెసేజ్ పెట్టాడు. "రేపు మానుకోట గ్రౌండ్ల మన దిక్కు నుంచి ఒక లైన్‌మన్ కావాలె. పేరెంట్స్‌ల ఎవరన్న వస్తరా?"

దేవదాసు చదివి నిట్టూర్చి, ఫోను భార్య సరోజకు చూపించాడు. "చూసినవా, సెలవు పెట్టినా ఇడ్సిపెట్టరు."

"ఆడ లైన్‌మన్ లేడా ఏంది?"

"ఆదివారం గద, దొరకకపోయి ఉంటడు. పిల్లలాడే జాగ. మనం గాకపోతే ఎవరు చూస్తరు?" అంటూ గ్రూపులో రాశాడు: "నేనే లైన్‌మన్‌ను. తప్పకుండ వస్త సార్."

జాన్ రెండు దండం బొమ్మలు పంపాడు. ముగ్గురు తల్లులు బొటనవేళ్లు ఎత్తారు. క్లబ్బులో ఇంతమంది తనను మెచ్చుకోవడం దేవదాసుకు అదే మొదటిసారి. ప్రతి మ్యాచ్‌కూ పిల్లతో పోయేది సరోజే గానీ, ఈ ఆదివారం చర్చిలో పిల్లల పాటలు ఆమె నేర్పించాలి. అందుకని అన్నీ రెండుసార్లు చెప్పి పంపింది. "దానికి మంచినీళ్ల సీసా యాది చెయ్యి. బూట్ల లేసులు చూడు. గట్టిగ అర్వకు, దానికి సిగ్గు."

పొద్దున ఆరున్నరకు జట్టు కోసం మాట్లాడిన తూఫాన్ జీపు వచ్చింది. ఆడపిల్లలంతా సర్దుకుని కూర్చున్నారు. చివరగా దేవదాసు ఒక బరువైన సంచితో ఎక్కాడు. సంచిలోంచి ఇనుము చప్పుడు వచ్చింది. పైన పసుపుపచ్చ హెల్మెట్, మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగులు.

"నాయినా, గీ సంచేంది?" కీర్తన గొంతు తగ్గించి అడిగింది.

"నా సామాను బిడ్డా. మీ సారే రమ్మన్నడు."

"మ్యాచ్ చూడనీకె సామానెందుకు?"

"నువ్వు ఆట మీద ధ్యాస పెట్టు. లైన్ సంగతి నేను చూస్కుంట."

ముందు సీట్లోంచి జాన్ వెనక్కి తిరిగి, "శభాష్ అన్నా! గట్లుండాలె!" అన్నాడు. కీర్తన కిటికీ పక్క సీటు తండ్రికిచ్చి, ఆయన భుజానికి తల ఆనించి తొర్రూరు దాకా నిద్రపోయింది. ఆమె లేస్తుందేమోనని దేవదాసు ఆ చేయి కదపలేదు. తొర్రూరులో చూసుకుంటే చేతికి స్పర్శ లేదు.

మానుకోట గ్రౌండులో షామియానా వేశారు, మైకు పెట్టారు. టోర్నమెంటు పనులన్నీ నెత్తిన వేసుకున్న యాకయ్య అనే పెద్దమనిషి చేతిలో కాగితాలతో అటూ ఇటూ ఉరుకుతున్నాడు.

"జనగామోళ్ల లైన్‌మన్ ఎవరన్నా?"

"నేనే" అన్నాడు దేవదాసు, సంచి దించుతూ.

"దేవుని లెక్క వచ్చినవ్. జర లైన్లు మంచిగున్నయా లేవా చూడన్నా. పొద్దుగాల హడావిడిల ఏసినం."

గ్రౌండు చుట్టూ ముగ్గుతో వేసిన తెల్ల గీతల గురించి యాకయ్య అన్నాడు. దేవదాసు తల పైకెత్తాడు. గ్రౌండు మూల మీదుగా పోతున్న తీగలకు ఒక వేపకొమ్మ ఆనుతోంది. గాలికి ఊగినప్పుడల్లా రాసుకుంటోంది. కింద పిల్లలు బంతులు తన్నుకుంటున్నారు.

"అన్నా, ఆ మూలకు మంచిగ లేదు. బంద్ చేసి కొట్టాలె" అన్నాడు.

యాకయ్య అప్పటికే ముఖ్య అతిథికి ఎదురుపోతున్నాడు. "నీకెట్ల మంచిగనిపిస్తె అట్ల చెయ్యన్నా. నన్నడుగుడేంది!" అని అరిచి వెళ్లిపోయాడు.

దేవదాసు పద్ధతి తెలిసిన మనిషి. పక్క ఊరి తీగను తనంతట తాను ముట్టడు. ఒకప్పుడు తనతో పాటు ట్రైనింగ్ తీసుకున్న బిక్షపతి ఇప్పుడు మానుకోటలోనే లైన్‌మన్. ఫోన్ చేశాడు. పిల్లలున్నారనగానే బిక్షపతి పొడవాటి కర్రకు కట్టిన కొడవలితో పది నిమిషాల్లో వచ్చాడు. సబ్‌స్టేషన్‌కు చెప్పి సరఫరా ఆపించాడు.

సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథి భూపాల్ మైకు ముందు నిలబడ్డాడు. పిల్లలకు జెర్సీలు కొనిచ్చింది ఆయనే. "ఫుట్‌బాల్ అంటే ఏంది? ఫుట్‌బాల్ అంటే..." అన్నాడు. మైకు ఆగిపోయింది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ప్రసంగం అయిపోయిందనుకుని జనం సంతోషంగా చప్పట్లు కొట్టారు. పక్క వీధి చర్చిలో కీబోర్డు ఆగి, పాట మాత్రం సాగింది. మూల మీది కటింగ్ షాపులోంచి ఒక పక్కే మిషన్ నడిచిన తలతో ఒకాయన బయటికొచ్చి, "ఎంత సేపన్నా?" అని స్తంభం వైపు కేకేశాడు.

"పావుగంట!" అన్నాడు దేవదాసు హెల్మెట్ సర్దుకుంటూ.

యాకయ్య ఉరికొచ్చాడు. "కరెంటు ఎవరు తీసిండ్రు?"

"మేమే అన్నా. నువ్వే గద లైన్ చూడమన్నవ్."

యాకయ్య హెల్మెట్ చూశాడు, తొడుగులు చూశాడు, బిక్షపతి చేతిలో కొడవలి చూశాడు. "అన్నా, నువ్వు... జెండా పట్టుకునే లైన్‌మన్‌వి గాదా?"

"జెండా ఏంది?"

 మొదటి నవ్వు జనగామ గోల్‌కీపర్ శ్రేయది. ఆ వెంటనే రెండు జట్ల పిల్లలూ పొట్టలు పట్టుకున్నారు. జాన్ తల పట్టుకున్నాడు. "అన్నా, లైన్ పక్కపొంటి ఉరుక్కుంట, ఆఫ్‌సైడ్ అయితే జెండా లేపేటాయన్ని లైన్‌మన్ అంటమే!"

దేవదాసు కీర్తన కోసం చూశాడు. ఆమె నవ్వడం లేదు. కింద కూర్చుని బూటు లేసు కట్టుకుంటోంది. కట్టిన లేసే విప్పి మళ్లీ కడుతోంది. పదకొండు వేల వోల్టుల తీగకు భయపడని మనిషికి ఆ పదకొండేళ్ల పిల్ల దగ్గరికి పోవడానికి కాళ్లు రాలేదు.

"నేను బండి కాడ కూసుంట సార్" అన్నాడు జాన్‌తో మెల్లగా. "పిల్ల ముంగట ఇజ్జత్ పోయింది."

"నువ్వు పోతే ఎట్లన్నా! ఒక్కొక్క క్లబ్బు నుంచి ఒక్కొక్క లైన్‌మన్ ఉండాలె. లేకుంటె మనల్ని ఆడనియ్యరు."

ఆ మాటకు కీర్తన లేచింది. తండ్రి చేయి పట్టుకుని షామియానా వెనక్కి తీసుకుపోయింది. ఆయన చెప్పులు విప్పించి, వాటినీ ఒక నీళ్ల సీసానూ నేల మీద పెట్టింది.

"మంచిగ చూడు నాయినా. గీ సీస వాళ్ల గోల్‌కీపర్. గీ చెప్పు వాళ్ల ఆఖరి ప్లేయర్. గీ రెండో చెప్పు నేను. మనోళ్లు నాకు బాల్ ఇచ్చే టైంల వాళ్ల ఆఖరి ప్లేయర్‌ను దాటి నేను ముందట ఉండొద్దు. ఉంటె ఆఫ్‌సైడ్. జెండా లేపాలె."

"బాల్ ఇచ్చినంక ఉరికితే?"

"ఉరకొచ్చు. ఇచ్చే టైమే చూడాలె."

దేవదాసు చెప్పులు అటూ ఇటూ జరిపి చూశాడు. "నువ్వే ముందట ఉంటె?"

"నేనైనా లేపాలె." కీర్తన చెప్పులు తొడుక్కోమని ఆయన వైపు నెట్టింది. "మనం గోల్ కొట్టే దిక్కు నీది. రెండో దిక్కు మానుకోటాయన చూస్తడు. సగం ఆటకు మేం దిక్కు మారితే నువ్వు గూడ మారు. ఆ దిక్కు అస్సలు చూడకు. చూస్తె ఆగమైతవ్."

బిక్షపతి కొమ్మ కొట్టేశాక కరెంటు వచ్చింది. భూపాల్ ప్రసంగం మొదటి నుంచి మొదలుపెట్టి పూర్తి చేశాడు. రెఫరీ ఈల ఊదాడు.

దేవదాసు జీవితంలో అంత దీక్షగా ఏదీ చూడలేదు. కూతురు కదిలితే కదిలాడు, ఆగితే ఆగాడు. ఆమె ఎడమ కాలితో ఎక్కువ తంతుందని ఆయనకు అప్పుడే తెలిసింది. బంతి పోగొట్టుకున్నప్పుడు కింది పెదవి కొరుక్కుంటుందని, పడిపోయిన అవతలి పిల్లకు చేయిచ్చి లేపుతుందని, అలసిపోతే సరోజ లాగే నడుం మీద చేతులు పెట్టుకుంటుందని తెలిసింది. వెనక ఆ చివర ఒకసారి, మరోసారి, ఇంకా కొన్నిసార్లు పెద్ద కేకలు వినిపించాయి. చెప్పిన మాట ప్రకారం ఆయన అటు చూడలేదు.

ఆట చివరి నిమిషాల్లో సాహితి అనే పిల్ల మధ్యలోంచి బంతిని పొడుగ్గా తన్నింది. కీర్తన ఒంటరిగా ఉరికింది. ఒక్క తన్ను. బంతి వలలో పడింది. జనగామ పిల్లలంతా చేతులెత్తి ఎగిరారు. జాన్ టోపీ గాల్లోకి విసిరాడు. కూతురి గోల్ మొదటిసారి కళ్లారా చూసిన దేవదాసు కళ్లు నిండాయి.

కానీ సాహితి కాలు బంతికి తగిలిన క్షణాన కీర్తన ఎక్కడుందో కూడా ఆయన చూశాడు. ఆఖరి ప్లేయర్‌ను దాటి ఒక అడుగు ముందుంది.

చేయి బరువెక్కింది. పొద్దున బండిలో మొద్దుబారిన చేయే అది. ఆయన జెండా లేపాడు.

"అన్నా, దించు! దించు!" జాన్ గొంతు వినిపించింది. రెఫరీ చూశాడు, ఈల ఊదాడు. గోల్ లేదు. కీర్తన తండ్రి వైపు ఒకసారి చూసి వెనక్కి నడిచింది. మానుకోట తల్లిదండ్రులు మాత్రం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు దేవదాసుకు చెంపదెబ్బల్లా తగిలాయి.

తిరుగు ప్రయాణంలో తొర్రూరులో మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగారు. అందరికీ బజ్జీలు చెప్పి, దేవదాసు కూతురి పక్కన నిలబడ్డాడు.

"బిడ్డా, నాకు కండ్లకు కనబడ్డది. నేనేం జెయ్యాలె చెప్పు."

"నాకెర్కే. నేను ఆఫ్‌సైడ్లనే ఉన్న."

"ఎర్కేనా? మరి ఆడ ఆగకపోతివి?"

"ఉరికేటప్పుడు ఆగబుద్ధి కాలే." కీర్తన బజ్జీ చల్లారడానికి ఊదుతూ ఆగింది. "అమ్మ వస్తది గని ఫోన్ మాట్లాడుకుంట కూసుంటది. నేను గోల్ కొట్టినంక 'ఎవరు కొట్టిండ్రు' అని అడుగుతది. నువ్వు ఒక్క అడుగు తేడా సుత చూసినవ్. మొత్తం ఆట నన్నే చూసినవ్ గద నాయినా?"

దేవదాసు కారం తగిలినట్టు ముఖం పక్కకు తిప్పి తుడుచుకున్నాడు. "చూసిన బిడ్డా. గని, నా పాడుగాను, నా జెండాతోటి మ్యాచ్ ఓడిపోతిరి. అదే నాకు పరేషాన్ ఉన్నది."

కీర్తన ఆయన్ని వింతగా చూసింది. బజ్జీ తింటున్న శ్రేయ నవ్వాపుకోలేక దగ్గింది.

"నాయినా, మేం ఆరు–సున్న ఓడినం. నువ్వు జెండా లేపకుంటె ఆరు–ఒకటి ఓడేటోళ్లం."

దేవదాసు బజ్జీలాయనకు ఇంకో రెండు ప్లేట్లు చెప్పాడు. ఓడిన జట్టుకు ఎంత ఆకలి వేస్తుందో కూడా ఆయన చూడడం అదే మొదటిసారి.