నాలుగో తరం నీలం పువ్వు

కమలాకర్‌కు పెళ్లాం పూర్ణిమ పుట్టినరోజు ఏనాడూ గుర్తుండదు. తన ఆర్కిడ్ ముత్తవ్వ ఏ కుండీలో పూసిందో మాత్రం తేదీతో సహా చెప్తాడు. ఇంట్లో పూర్ణిమతో ఆయన మాట్లాడేదల్లా "నీళ్లు పోసినవా?" అన్న ఒక్క ముక్కే.

ఈ వృక్షశాస్త్రం లెక్చరరు పదకొండేళ్లుగా చేస్తున్నది ఒకటే పని. వెడల్పు రెక్కలున్న మొక్కల్నే ఏరి, ఒకదాని పుప్పొడి ఇంకోదానికి పెట్టి, వాటి పిల్లల్లో మళ్లీ వెడల్పువాటిని ఏరడం. సాలెపురుగు కాళ్లలా మొదలైన తెల్లటి రెక్కలు నాలుగో తరానికి సాసరంత అయ్యాయి. ఆ తరంలో పూసింది ఒకే మొక్క, ఒకే పువ్వు.

ఆ రోజు క్యాంపస్‌లో పూల ప్రదర్శన. బల్లలు సర్దడానికి ఆయన తెల్లవారుతూనే వెళ్లాడు. కుండీని తార్నాకలోని ఇంటి నుంచి ఆటోలో తేవడం పూర్ణిమ వంతు. తీరా చూస్తే పువ్వు తడిసిన అప్పడంలా వేలాడుతోంది. వెనక కాడ కూడా కాస్త ఉబ్బింది. చీడే అనుకుంది. మొగుడి పదకొండేళ్ల కష్టం నవ్వులపాలు కాకూడదని, కాడతో సహా కత్తిరించి చెత్తబండిలో వేసింది. చౌరస్తాలోని బొకేల దుకాణంలో తెల్లవి లేవు. ఉన్న నీలం ఆర్కిడ్‌నే కొని కొమ్మకు దారంతో కట్టింది.

న్యాయనిర్ణేత నరహరి సార్ దాన్ని చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"నీలమా! ఎన్ని తరాలు పట్టిందయ్యా కమలాకర్?"

"నాలుగు సార్, కానీ..."

ఆ 'కానీ' వినకుండానే ఆయన మైకందుకున్నాడు. "నాలుగే తరాల్ల నీలం తెచ్చిండు మనోడు!"

చప్పట్లు మోగాయి. ఫోన్లు పట్టుకుని జనం మూగారు. ఫొటోలో పువ్వు మెరవాలని ఎవరో నీళ్లు స్ప్రే చేశారు. తెల్లటి బల్లగుడ్డ మీదికీ, నరహరి సార్ చొక్కా మీదికీ నీలం రంగు ధారగా కారింది.

కమలాకర్ భార్యను పక్కకు తీసుకుపోయాడు. "నా పువ్వేది?"

"చీడ పట్టిందని కోసి చెత్తబండిల ఏసిన."

"చీడ కాదు పూర్ణిమా, అది కడుపుతో ఉన్నది! మొన్న పుప్పొడి పెట్టిన. పెడితే పువ్వు వాడిపోయి, కాడ కాయైతది. ఐదో తరమంతా గా కాయల్నే ఉండె."

పూర్ణిమ పొద్దున కత్తెర పట్టిన వేళ్లను కొంగులో దాచుకుంది. మెల్లగా అంది. "గా ముచ్చట నాకొక్కమాట చెప్తే ఏం పోయేదండీ? రోజూ నీళ్లు పోసేది నేనే గద."

ఆయన దారం కట్టిన కొమ్మ వైపే చూస్తున్నాడు. "పుప్పొడి షో అయినంక పెట్టాల్సింది, ఆగలేకపోయిన. నీకూ చెప్పలే. తప్పు నాదే."

పెళ్లయిన పంతొమ్మిదేళ్లకు తొలిసారి వచ్చిన ఆ మాటకు సాక్షులెవరైనా ఉన్నారేమోనని పూర్ణిమ చుట్టూ చూసింది. అందరూ నరహరి సార్ చొక్కా తుడుస్తున్నారు.