పుంగనూరులో లేచిపోయింది

తెల్లారగానే పెళ్లికూతుర్ని కారులో ఎక్కించుకుని, ఎండ ముదరకముందే కుప్పం చేరుకోవాలన్నది గోపాలస్వామి పథకం. సాయంత్రం మగపెళ్లివారి ఇంటి ముందు రిసెప్షన్, అంతకుముందు ఊరేగింపు. ముహూర్తం మరునాడు వేకువన గనక బంధువుల బస్సు రాత్రికి వస్తుంది. ఊరేగింపుకి తన కారే ఉండాలని ఆయన పట్టుబట్టాడు.

మదనపల్లెలో బట్టల కొట్టు నడుపుకునే గోపాలస్వామికి వేరే ఏ పిచ్చీ లేదు, ఆ కారు తప్ప. బెంగళూరులో ఎవరో వదిలించుకుంటుంటే కొన్న పాత విదేశీ బండి. బటన్ నొక్కితే గుడ్డ టాపు పైకి లేచి, మడుచుకుని వెనక్కి వెళ్లిపోతుంది. అంటే, వెళ్లిపోవాలి. మొదటి వానకే అద్దాల పక్క రబ్బర్ల సందులోంచి నీళ్లు కారి సీట్లు కుళ్లాయి. తర్వాత గుడ్డ చిరిగింది. టాపును లేపే మోటారు కాలిపోతే బొంబాయి నుంచి తెప్పించాడు. అది వచ్చేలోపు ఆయిలు గొట్టం పగిలింది. తన మొగుడు కారును ఒకసారి కొని, రిపేర్ల రూపంలో ఇంకో రెండుసార్లు కొన్నాడని తులసమ్మ అందరికీ చెప్పేది.

పుంగనూరు పొలిమేరలో ఇంజను వేడెక్కింది. లోపల కూతురు యమునకి చెమటతో జడలో పూలు వాడిపోతున్నాయి. "బిడ్డకి గాలాడల్ల గదా" అని గోపాలస్వామి బటన్ నొక్కాడు. టాపు గరగరమంటూ సగం దాకా లేచి, నిట్టనిలువుగా ఆగిపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. కారు కదిలితే చాలు, గాలికి గుడ్డంతా ఉబ్బి బండిని వెనక్కి లాగుతోంది.

"పెండ్లికి పోతాండామా, పడవెక్కి పోతాండామా?" అంది తులసమ్మ.

తోసుకుంటూ మెకానిక్ ఖాదర్ వలి షెడ్డుకి చేర్చారు. ఆయన కారు చుట్టూ తిరిగి చూసి, టీ తాగడానికి కూర్చున్నాడు. గోపాలస్వామి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తి కుప్పానికి ఫోను చేశాడు.

అవతల ఎత్తింది వియ్యంకుడు వెంకటరమణప్ప తల్లి బయ్యమ్మ. ఆమెకి వినికిడి అంతంతమాత్రం. పైగా లైనులో ఒకటే గరగర.

"అమ్మా, మదనపల్లె గోపాలస్వామిని. పుంగనూరులో నిలబడిపోయినాం. మా టాపు లేచిపోయిందమ్మా!"

'టాపు' అన్న మాటను గరగర మింగేసింది.

"ఏందీ? లేచిపోయిందా?"

"అవునమ్మా. ఎంత బతిమాలినా లొంగడంల్యా."

"ఇప్పుడు యాడుండాది?"

"మెకానిక్ దగ్గిర ఉండాది."

బయ్యమ్మ గొంతు తగ్గించి అడిగింది. "ఇంతకు ముందు గూడా ఇట్లా చేసిందా నాయనా?"

వియ్యాలవారి దగ్గర దాపరికం ఎందుకని గోపాలస్వామి ఉన్నదున్నట్టు చెప్పాడు. "పోయిన నెల గూడా లేచిందమ్మా. నలుగురూ నవ్వుతారని లోపల పెట్టి తలుపేసినాం. మీరేం దిగులు పెట్టుకోవద్దు. నాలుగు తగిలిస్తే సాయంత్రానికి దారికొస్తాది."

ఫోను కట్టయింది. మళ్లీ ఎన్నిసార్లు తిప్పినా కలవలేదు. చెప్పాల్సింది చెప్పేశాం కదా అని ఆయన షెడ్డుకి వచ్చేశాడు.

ఖాదర్ వలి అప్పటికి లేచాడు. "సామీ, గొట్టం కోస్తే టాపు దిగుతాది. కానీ మళ్లా ఈ జన్మలో లేవదు. గొట్టం, మోటారు, గుడ్డ అన్నీ కొత్తవి కావాలంటే ఇంకో పాత కారు కొనుక్కోవచ్చు. కోసేదా, వద్దా?"

గోపాలస్వామి కారును చూశాడు. బొంబాయి మోటారు. కొత్త గుడ్డ. సీటు అంచున కూర్చుని గడియారం చూసుకుంటున్న కూతురు. యమున ఏడవడం లేదు, కానీ కొంగును వేలికి గట్టిగా చుట్టుకుంటోంది.

"కొయ్యప్పా" అని అటు తిరిగి నిలబడ్డాడు.

నలుగురు కలిసి టాపును వెనక్కి అణిచి, తాడుతో కట్టేసేసరికి పొద్దు వాలింది. దారంతా దుమ్ము కొట్టుకుంటూ, ప్రతి మబ్బునూ అనుమానంగా చూసుకుంటూ కుప్పం చేరారు. తీరా చూస్తే వీధిలో పందిరి విప్పుతున్నారు. వంటవాళ్లు గుండిగలు ట్రాక్టరుకి ఎక్కిస్తున్నారు. ఆలస్యమైనందుకే పెళ్లి ఆపేశారనుకున్నాడు గోపాలస్వామి.

"నీ కారు నా బిడ్డ పెండ్లిని మింగేసిందయ్యా" అంది తులసమ్మ. ఈసారి ఆ గొంతులో ఎకసెక్కం లేదు.

వెంకటరమణప్ప బయటికి వచ్చాడు. గ్రానైటు వ్యాపారంలో పెద్దపెద్ద బండల్ని కదిలించిన మనిషి, కారులో యమునను చూసి తాను బండలా నిలబడిపోయాడు.

"అమ్మా... ఆ మెకానిక్కును వదిలేసి వచ్చినావా?"

"వదిలేసే వచ్చినాం మామా. ఆయనతో పని అయిపోయింది గదా" అంది యమున.

వెంకటరమణప్ప తల పట్టుకున్నాడు. బయ్యమ్మ మొదటి నుంచీ జరిగింది చెబితే గానీ గోపాలస్వామికి ఫోనులో తానేం మాట్లాడాడో తెలియలేదు. "లేచిపోయింది టాపప్పా! మా కారు టాపు!" అని ఆయన వేసిన కేకకి ట్రాక్టరు మీది గుండిగలు కూడా ఆగిపోయాయి.

కానీ చిక్కు అంతటితో తీరలేదు. పిల్ల లేచిపోయిందంటే తలవంపులని, పెళ్లికొడుకు ప్రతాప్‌కి పచ్చకామెర్లు వచ్చాయని వెంకటరమణప్ప ఊరంతా చాటించేశాడు. పొద్దున నలుగు పెట్టిన పసుపు కడగకపోవడంతో చూడ్డానికి వచ్చినవాళ్లు ఇట్టే నమ్మేశారు. లోపల ప్రతాప్ మంచం మీద కూర్చుని, కామెర్లకి మందని చుట్టపక్కాలు తెచ్చిన నేలఉసిరి రసం గ్లాసు మీద గ్లాసు మింగుతున్నాడు.

యమున గుమ్మంలో నిలబడింది.

"నేను చెప్తానే ఉండా" అన్నాడు ప్రతాప్. "ఆ పిల్ల పోయేదైతే నాకు చెప్పే పోతాది అని. ఎవురూ ఇనలేదు. నోరంతా చేదు. రవ్వంత బెల్లం పెట్టవా?"

ఆ రోజు మొదటిసారి యమున నవ్వింది.

పందిరి మళ్లీ లేచింది. గుండిగలు దిగాయి. ఇక పెళ్లికొడుకు రోగం నయం చేయాలి. "మూసిన కారులో తిప్పితే రోగం దాచినారంటారు. మొగం కడిగి, ఊరంతా సూసేటట్టు తిప్పల్ల" అన్నాడు వెంకటరమణప్ప. ఊళ్లో టాపు లేని కారు ఒక్కటే ఉంది. అది మొదటి వీధిలోనే ఆగిపోయింది. అయితే తోయమన్నారు. తోసే కారు నిదానంగా పోతుంది కాబట్టి, ప్రతి గడపా లైట్ల వెలుగులో ప్రతాప్ కళ్లూ గోళ్లూ తీరిగ్గా చూసి తృప్తిపడింది.

పెళ్లయ్యాక వెంకటరమణప్ప కారు మీద చెయ్యేసి అడిగాడు. "మా పరువు కాపాడిన బండి. అమ్ముతావా అప్పా? టాపుతో నాకు పనిల్యా, పెండ్లిండ్లకి తెరిచిందే కావల్ల."

గోపాలస్వామి ఇంజను సంగతి చెప్పడానికి నోరు తెరిచాడు. తులసమ్మ ఆయన కాలు తొక్కింది.

"అది మాకు బిడ్డ లెక్క. అయినా మీరడిగితే కాదంటామా?" అంది.

పిల్లను అప్పగించేటప్పుడు భార్యాభర్తలిద్దరూ వెక్కివెక్కి ఏడ్చారు. కారును అప్పగించేటప్పుడు మాత్రం ఏడుపు ఎంత ప్రయత్నించినా రాలేదు.