బామ్మర్దికి అభ్యంతరం లేదు

పెళ్లిళ్లు స్వర్గంలో నిర్ణయమవుతాయని పెద్దలంటారు. అవుతాయేమో, కాదనం. జరిగాయని తేల్చవలసింది మాత్రం వివాహ నమోదు శాఖవారి వెబ్ పేజీ. అందులో కనిపించని మొగుడు మొగుడు కాడు.

మా బావ కనిపించలేదు.

అక్క పెళ్లి పత్రం కంప్యూటర్లో తెరిచి చూస్తే వధువు గడిలో అక్కే ఉంది. వరుడి గడిలో మాత్రం నల్లకళ్లద్దాలు పెట్టుకుని, మోటార్ సైకిల్‌కి ఆనుకుని ఎవరో నవ్వుతున్నాడు.

"ఒరేయ్, ఎవర్రా ఈ శాల్తీ?" అంది అక్క. బావ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

ఇదేమీ నవ్వులాట కాదు. బావ పనిచేసే ఫ్యాక్టరీలో ఒక క్వార్టర్ ఖాళీ అయింది. శుక్రవారంలోగా పెళ్లి పత్రం చూపిస్తే వీళ్లకి, లేదంటే వెనకున్న వాళ్లకి. అందాకా అక్క మా ఇంట్లో, బావ హాస్టల్లో. కొత్త దంపతులు బస్టాండులో కలుసుకుని కాపురం చేస్తున్నారు.

శాఖ కార్యాలయానికి వెళ్లాం. సూపరింటెండెంట్ గారు పేజీనీ బావనూ మార్చి మార్చి చూసి, తేడా బావలోనే ఉందని నిర్ధారించారు.

"రిఫ్రెష్ కొట్టారా?"

"కొట్టామండీ."

"వేరే బ్రౌజర్లో?"

"చూశామండీ. అందులోనూ ఇతనే."

"మరింకేం? రెండు చోట్లా రుజువైందిగా!"

అక్కడినుంచి వరండా చివర గదిలో ఉన్న ప్రోగ్రామర్ దగ్గరికి పంపారు. ఆయన టకటకా ఏవో మీటలు నొక్కి, "డేటాబేస్‌లో మీ బావగారు నిక్షేపంలా ఉన్నారండీ. పేజీలోకే రావట్లేదు" అన్నాడు.

టెంప్లేట్ అంటే ఖాళీలు వదిలిన అచ్చు కాగితమట. పేర్లూ ఫొటోలూ లోపలినుంచి వచ్చి ఆ ఖాళీల్లో కూర్చుంటాయట. రాకపోతే గడి బోసిగా ఉంటుందని, చేసేటప్పుడు నమూనాగా తన బామ్మర్దిని కూర్చోబెట్టాడట. (ఆ బామ్మర్ది పేరు ఊళ్లో సగం పెళ్లి పత్రాల మీద ఉంది కనుక ఇక్కడ మళ్లీ వేయడం లేదు.)

"మరి ఎర్రర్ చూపించదా?" అన్నాను.

"చూపించేదండీ. ప్రజలు కంగారు పడుతున్నారని, ఎర్రర్లు చూపించడం ఆపమని సర్క్యులర్ వచ్చింది. ఆనాటి నుంచీ ఒక్క ఎర్రర్ లేదు. డైరెక్టర్ గారికి శాలువా కూడా కప్పారు."

"పోనీ, ఇప్పుడు సరిచేయొచ్చుగా?"

ఆయన తలుపువైపు చూసి గొంతు తగ్గించాడు. "ఒక్క లైనండీ. చిటికెలో పని. కానీ మా బామ్మర్దిని బయట చూశారుగా."

చూశాం. పేజీలో భర్తగా కనబడుతున్న వ్యక్తి అసలు భర్తకి నిరభ్యంతర పత్రం ఇస్తే చాలునని శాఖ తాత్కాలికంగా ఏర్పాటు చేసింది. అందుకోసం నిరభ్యంతరాధికారి అనే పోస్టు పుట్టింది. దానికి అర్హత ఉన్న మనిషి భూమ్మీద ఒక్కడే.

"ఇన్నేళ్లకి వాడికో కుర్చీ దొరికింది. ఆ లైను ముట్టుకున్నావో, ఇంట్లో అడుగుపెట్టకని మా ఆవిడ ఖరాఖండీగా చెప్పేసిందండీ" అన్నాడు ప్రోగ్రామర్. పాపం, కళ్లలో నీళ్లొక్కటే తక్కువ.

వరండాలో మొగుళ్ల క్యూ వీధిదాకా ఉంది. మా వంతు వచ్చింది. బామ్మర్ది ఫొటోతో సరిపోవడం కోసం నీడపట్టున కూడా నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఉన్నాడు. బావని ఎగాదిగా చూసి, "అమ్మాయిని బాగా చూసుకుంటారా?" అని అడిగాడు.

"చిత్తం" అన్నాడు బావ.

అక్కకి ఒళ్లు మండింది. "నా మొగుణ్ని నాకు ఇప్పించడానికి మధ్యలో నువ్వెవడివయ్యా?"

"పేజీ ప్రకారం మీ ఆయన్నండీ" అన్నాడు బామ్మర్ది వినయంగా. "పొద్దున్నుంచీ అందరూ ఇలాగే తిడుతున్నారు. నేనేమన్నా కావాలని చేసుకున్నానా ఇన్ని పెళ్లిళ్లు?"

"ఊరుకో, శుక్రవారం గడువు" అని బావ అక్క చెయ్యి పట్టుకున్నాడు. బామ్మర్ది ఆ చెయ్యివంక అదోలా చూసి, పోనీలే అన్నట్టు ముద్ర వేశాడు.

ఆ పత్రం కూడా అదే టెంప్లేట్ నుంచి అచ్చయింది. 'సదరు వధువుతో బామ్మర్ది కాపురం చేయుటకు బామ్మర్దికి ఎట్టి అభ్యంతరమూ లేదు' అని ఉంది. ఇదేమిటని అడిగితే, ముద్ర పడ్డాక మార్చే నియమం లేదన్నారు.

శుక్రవారం ఫ్యాక్టరీవారు పత్రాలన్నీ సక్రమంగా ఉన్నాయని మెచ్చుకుని, క్వార్టర్‌ను భార్యాభర్తల పేరిట, అంటే అక్క పేరిటా బామ్మర్ది పేరిటా, కేటాయించారు. తలుపు మీద ఇద్దరి పేర్లతో పలక కూడా కొట్టారు.

అక్కా బావా ఇప్పుడు అందులోనే ఉంటున్నారు. బావ డ్యూటీనుంచి వచ్చి గేటు దగ్గర విజిటర్ల పుస్తకంలో సంతకం పెట్టి, 'ఏమవుతారు' అన్న చోట 'దూరపు బంధువు' అని రాసి లోపలికి వెళతాడు. విజిటర్లు రాత్రి తొమ్మిది దాటి ఉండకూడదన్నది నియమం. కానీ వాచ్‌మన్ మంచివాడు, బావని ఏమీ అనడు. బామ్మర్దికి అభ్యంతరం లేదు కదా.