అద్దె వ్యాను, అద్దె చుట్టాలు

"తన సామాను తాను మోసుకోలేనివాడికి సొంత ఫ్లాటులో కాలు పెట్టే అర్హత లేదు!"

ఈ మహావాక్యాన్ని జ్ఞానప్రకాశం గారు తాను దిగబోయే రాజమండ్రి అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. వ్యాను మాత్రమే అద్దెదనీ, ఎక్కించేదీ దించేదీ తానూ తన చుట్టాలూననీ ప్రకటించారు. ఆ సాయంత్రమే అసోసియేషన్ ప్రెసిడెంటు ఎన్నిక మరి! ధవళేశ్వరం ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరయ్యాక సంతకం పెట్టే యోగం లేక ఆయనకు చెయ్యి ఒకటే దురద.

ఆ చేత్తో ఆయన ఏనాడూ మంచినీళ్ల గ్లాసు కూడా ముంచుకున్నది లేదు. అందుకని గుట్టుగా నలుగురు ముఠా కూలీలను మాట్లాడి, తలా ఒక ఇస్త్రీ చొక్కా తొడిగించారు.

"తలకి తువ్వాలు చుట్టకూడదు. నన్ను బావగారూ అనాలి. ఎవరైనా కాఫీ ఇస్తే రెండుసార్లు వద్దనాలి. తెలిసిందా?"

"ఆయ్, అలాగేనండి బావగారూ!" అన్నాడు ముఠా మేస్త్రి సత్యప్రసాద్.

"అయితే నాకు తెల్లారేసరికి నలుగురు తమ్ముళ్లు పుట్టుకొచ్చారన్నమాట!" అంది ఆయన భార్య సంపూర్ణమ్మ.

ధవళేశ్వరంలో సామాను చకచకా వ్యానెక్కింది. రాజమండ్రిలో గేటు దగ్గర అసోసియేషన్ సెక్రటరీ రాజమౌళి, ఆయన భార్య అన్నపూర్ణమ్మ ఎదురొచ్చారు. "జరగండి బావగారూ!" అంటూ సత్యప్రసాద్ బీరువాకి భుజం పెట్టాడో లేదో, రాజమౌళి కెవ్వుమన్నాడు.

"అయ్యయ్యో! అక్కగారి కొత్తింటికి వచ్చిన బావమరుదుల చేత బీరువా మోయిస్తారా? మా అపార్టుమెంటు పరువేం కావాలండీ! దింపండి, దింపండి!"

క్షణాల్లో కుర్చీలొచ్చాయి. కాజాలొచ్చాయి. అన్నపూర్ణమ్మ షోకేసు తెరిచి పువ్వుల కప్పుల్లో కాఫీ తెచ్చింది. సత్యప్రసాద్ నేర్పిన ప్రకారం రెండుసార్లు వద్దని, ఆపైన హాయిగా కాలు మీద కాలేసుకున్నాడు.

ఇరుగుపొరుగువారు సాయం పడదామని లేచారు. రాజమౌళి వాళ్లనీ ఆపేశాడు.

"ఆగండి! సొంత చేతులతో మోసుకుంటానని ఆయన రాతపూర్వకంగా చెప్పారు. పెద్దమనిషి మాట మనం పోగొట్టకూడదు!"

బీరువా లిఫ్టులో పట్టలేదు. జ్ఞానప్రకాశం గారు కిందా, సంపూర్ణమ్మ పైనా పట్టి మెట్లెక్కించబోయారు. మొదటి మలుపులోనే అది గోడకీ రెయిలింగుకీ మధ్య ఇరుక్కుని, ఆయన మీదికి వాలింది. చుట్టూ అందరూ ఫోన్లెత్తి మెచ్చుకోలుగా వీడియో తీస్తున్నారు. పదవా, నడుమా అని ఆయన ఒక్క క్షణం ఊగిసలాడారు. నడుమే గెలిచింది.

"వాళ్లు నా బావమరుదులు కారండీ బాబూ! కూలీలు! కూలికి తెచ్చాను! లేపండి వాళ్లని!"

అందరూ నోళ్లు తెరిచారు. ముందుగా తేరుకున్నది అన్నపూర్ణమ్మ.

"కూలీలా! ముందే చెప్పొద్దా అండీ? మంచి కప్పుల్లో ఇచ్చేశానే!"

రాజమౌళి కాజాల పళ్లెం వెనక్కి తీసుకోబోయాడు. సత్యప్రసాద్ దాన్ని మర్యాదగా ఒళ్లో పెట్టుకున్నాడు.

"లేస్తామండి, కాఫీ అవ్వనివ్వండి. బావగారూ, సొంత చేతులన్నారు కదండీ, కాసేపలాగే పట్టుకోండి. అక్కగారూ, తమరు వదిలేసి రండి. తమరేం ప్రకటించలేదు కదండీ!"

సంపూర్ణమ్మ బీరువాని ఒకసారి కదిపి చూసింది. ఊడిపడదని రూఢి చేసుకుని, పై అంతస్తుకెక్కి లిఫ్టులో దిగొచ్చి, కూలీల పక్కన కుర్చీ లాక్కుంది.

"ఆ కాజా ఒకటి ఇలా ఇవ్వు తమ్ముడూ."