ఇంటికో జునిపర్ ఉండాలి!

సంసారం సుఖంగా సాగాలంటే ఇంట్లో ఒక బోన్సాయి జునిపర్ ఉండి తీరాలి! నవ్వకండి. జపాన్‌లో, మా ఒమియాలో పక్కింటి షిగెమిత్సు గారిని ముప్పై ఒక్క ఏళ్లుగా చూస్తున్నాను కనుకే చెబుతున్నాను.

మూరెడైనా లేని చెట్టు. వయసు నూట పది. దాని పుణ్యమా అని ఆయన పెళ్లిళ్లకూ వెళ్లక్కర్లేదు, చావులకూ వెళ్లక్కర్లేదు. మరదలి కూతురి పెళ్లికి రాలేదేమని అడిగితే, "మట్టి ఆరిపోయే ఎండ కదండీ!" అన్నారు. ఇక ఎవరైనా నోరెత్తగలరా? ఇంతటి శాంతి ఏ గుడిలో దొరుకుతుంది?

పొద్దున్నే అన్నం తినే పుల్లను కుండీలో గుచ్చి, తీసి, చెంపకు ఆనించుకుంటారు. చల్లగా తగిలితే నీళ్లు వద్దు. లేకపోతే పొడుగు ముక్కు డబ్బాతో సన్నటి జల్లులా పోస్తారు. ఎండ అన్ని వైపులా తగలాలని కుండీని తిప్పుతుంటారు. భార్య ఫుసాయె గారికి జ్వరం వస్తే మాత్రం మూడో రోజున కనిపెట్టారు. అదీ మిసో సూప్ రాకపోవడం వల్ల!

ఆవిడ కోరిక ఒక్కటే. కుసత్సు వేడినీటి బుగ్గల దగ్గర ఇద్దరూ కలిసి రెండు రాత్రులు ఉండి రావాలి. పెళ్లయిన ఏడాది అనుకున్న ప్రయాణం అది.

"చెట్టుకి నీళ్లెవరు పోస్తారే?"

"పక్కింటాయనకి చెబుదామండీ."

"నీళ్లు పోయడం నేర్చుకోడానికే మూడేళ్లు పడుతుంది. ఆయన ప్లాస్టిక్ పూలని కూడా ఎండబెట్టేసే రకం!"

గోడ మీదుగా నేనే విన్నాను. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే మాట.

మొన్న శనివారం బోన్సాయి సంఘం వాళ్లు వచ్చారు. టీ ఇస్తారని నేనూ చేరాను.

"జునిపర్ నోరు తెరిచి అడగదండీ," అని షిగెమిత్సు గారు అందుకున్నారు. "ఆకు వాల్చదు. లోపల ప్రాణం పోయినా రెండు నెలలు పచ్చగానే కనిపిస్తుంది. అడక్కముందే చూసుకోవాలి. అదీ విద్య!"

అందరూ తలలూపారు. ఫుసాయె గారు టీ కప్పులు కింద పెట్టారు.

"ఈ ముక్క నాకు ముందే చెప్పాల్సిందండీ. తెలీక ఇన్నాళ్లూ అడుగుతూ కూర్చున్నాను."

లోపలికి వెళ్లి, సంచీ తీసుకుని, ఒక్కరే స్టేషన్‌కి వెళ్లిపోయారు.

మర్నాడు సాయంత్రం షిగెమిత్సు గారు ఆకలికి తాళలేక మా ఇంటికి వచ్చారు. తిన్నాక ఆవిడకు ఫోన్ చేశారు. ఆవిడ గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది.

"చెట్టు ఎలా ఉందండీ?"

"దాని సంగతి వదిలెయ్. నువ్వెలా ఉన్నావే?"

చూశారా! నీళ్లు పోయడానికి మూడేళ్లు, ఈ ఒక్క ప్రశ్నకు ముప్పై ఒకటి!

"నాకేం? పచ్చగానే ఉన్నాను," అని ఆవిడ ఫోన్ పెట్టేశారు.

ఆయన ముఖం పాలిపోయింది. జునిపర్ పచ్చదనాన్ని ఎంతవరకు నమ్మాలో ఆయనకు కాక ఎవరికి తెలుసు? తెల్లారగానే కుసత్సు వైపు తొలి రైలెక్కారు. వెళ్తూ వెళ్తూ నీళ్ల డబ్బా నా చేతిలో పెట్టారు. అవును, ప్లాస్టిక్ పూలు ఎండబెట్టే నా చేతిలోనే!

అందుకే అంటున్నాను, ఇంటికో జునిపర్ ఉండాలి. నోరులేని చెట్టు మనిషికి మాట నేర్పింది.

ఇవాళ రెండో రోజు. గమ్మత్తైన చెట్టు సుమండీ, చూస్తుంటే పొద్దే తెలియడం లేదు! గోడ అవతల నుంచి మా ఆవిడ అరగంటగా ఏదో అంటోంది. కాస్త ఆగమని చెప్పండి. పుల్ల ఇప్పుడే గుచ్చాను.